సీల్ నది: ఒక చిన్న స్విస్ ఏటి గమనము, దాని ఉపయోగముల చరిత్ర

మా పాఠశాల చిన్నది. తెలుగు చెప్పుటకు నియమింపబడిన నేనే అప్పుడప్పుడు భూగోళము కూడ చెప్పవలసివచ్చును. పండ్రెండేండ్ల క్రిందట ఐరోపా నదుల పాఠము చెప్పుచు స్విట్జర్లండు పటమును గోడకు తగిలించితిని. రైన్, రోన్ నదులను చూపి పాఠము ముగింపబోవుచుండగా ముందు బల్లమీది పిల్లవాడొకడు లేచివచ్చి, జూరిచ్ సరస్సు ప్రక్కనున్న సన్నని నీలిగీత నొకదానిని వ్రేలితో చూపి, "చెరువు పక్కపొంటే పోతున్నది గద సార్, అండ్ల ఎందుకు కలుస్తలేదు?" అని యడిగెను. షోలాపురములోని మా పిల్లలు ఇండ్లలో మాటలాడు తెలుగు అదియే. వారి తాతముత్తాతలు తెలంగాణము నుండి నేతపని వెదకికొనుచు వచ్చినవారు. ఆ ప్రశ్నకు నాయొద్ద అప్పుడు సమాధానము లేదు. "రేపు చెప్పెద"నని తప్పించుకొంటిని. ఆ రేపు రెండు మూడు వారములకు గాని రాలేదు. ఆ వెదకులాటలో దొరకిన విషయములే ఈ వ్యాసమునకు మూలము.

ఆ నీలిగీత పేరు సీల్ నది. పెద్ద నది కాదు. పొడవు సుమారు 73 కిలోమీటర్లు, అనగా మన గోదావరిలో ఇరువదవ వంతు. దీనిపై పడవ ప్రయాణములు లేవు, దీని డెల్టా లేదు, దీని ఒడ్డున రాజధానులు కట్టినవారు లేరు. అయినను, ఒక చిన్న ఏటిని మనుష్యులు వేయి సంవత్సరములకు పైగా ఎన్ని విధముల వాడుకొనవచ్చునో, వాడుకొనుచునే దానికి ఎట్లు భయపడవచ్చునో తెలిసికొనుటకు ఇంతకన్న తగిన యుదాహరణము నాకు కనబడలేదు. ఆ పిల్లవాని ప్రశ్నయే ఈ నది చరిత్ర కంతటికిని తాళపుచెవి. అది సరస్సులో కలియకపోవుటవలననే తక్కిన దంతయు జరిగినది.

సీల్ నది ష్విట్జ్ కాంటనులోని డ్రూస్‌బెర్గ్ పర్వతప్రాంతమున పుట్టును. కాంటనన్నది ఆ దేశమున మన రాష్ట్రము వంటిది. అధికారములలో రాష్ట్రమే గాని, వైశాల్యమున మన జిల్లాకైనను చాలదు. నది కొండలనుండి ఉత్తరముగా దిగి ఐన్‌సీడెల్న్ ప్రాంతపు విశాలమైన లోయలో ప్రవేశించును. ఇప్పుడచ్చట నున్నది జలాశయము. దాని సంగతి తరువాత చెప్పెదను. లోయ దాటిన పిమ్మట ఎగ్ అను పల్లె మీదుగా సాగి, పడమటినుండి వచ్చు ఆల్ప్ అను ఉపనదిని కలుపుకొని షిండెల్లేగి అను చోటికి చేరును.

ఇచ్చట నిలిచి చూడవలెను. షిండెల్లేగి వద్ద నదికిని జూరిచ్ సరస్సునకును నడుమ దూరము మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. సరస్సు నీటిమట్టము సముద్రమట్టమునకు 406 మీటర్ల ఎత్తున నున్నది. నది అచ్చట దానికన్న సుమారు 350 మీటర్లు ఎగువ నున్నది. నీరు పల్లమెరుగునని మనవారందురు. ఇంత దగ్గరగా ఇంత పల్లముండగా నది అటు దుముకక పడమటికి తిరిగి, సరస్సునకు సమాంతరముగా, ఒక గుట్టల వరుస చాటున సుమారు ముప్పది కిలోమీటర్లు నడచి జూరిచ్ నగరమునకు పోవును. ఎందువలన?

కారణము మంచు. కడపటి హిమయుగమున ఇప్పటి సరస్సు ఉన్న పల్లమంతయు గొప్ప హిమానీనదముచే నిండియుండెను. హిమానీనద మనగా మంచు పేరుకొని మెల్లమెల్లగా జారు గడ్డ యేరు. సీల్ నది కొండలనుండి దిగివచ్చునప్పటికి ఎదుట మంచుగోడ యుండెను. దాని నది దాటజాలక, మంచు అంచునకును పడమటి ఆల్బిస్ కొండలకును నడుమనున్న సందులో దారి చేసికొనెను. పిదప మంచు కరగినది. అయితే ఆ మంచు తన ప్రక్కల తెచ్చి పేర్చిన మట్టియు రాళ్లును గట్టువలె నిలిచిపోయినవి. అడుగున నున్న జిమ్మర్‌బెర్గ్ గుట్టలపై ఈ గట్టు చేరి సరస్సునకును నదికిని నడుమ అడ్డుగోడ అయినది. సరస్సు పుట్టకమునుపే నది తన దారిలో పాతుకొనిపోయినది. గోడ కట్టినవారు వెడలిపోయిన తరువాత కూడ గోడ యవతలనే నడచుచున్నది.

గట్టు వెంబడి సాగిన నది సీల్‌బ్రుగ్ దగ్గర జూగ్ కాంటను సరిహద్దును తాకి, సీల్‌వాల్డ్ అను అడవి గుండ, లాంగ్నావ్, ఆడ్లిస్‌విల్ పట్టణముల మీదుగా జూరిచ్ నగరములోనికి వచ్చి, సరస్సునుండి వెలువడిన లిమ్మాట్ నదిలో కలియును. ఆ సంగమపు కొనకు ప్లాట్జ్‌ష్పిట్జ్ అని పేరు. లిమ్మాట్ ఆరె నదిలోను, ఆరె రైన్‌లోను, రైన్ ఉత్తర సముద్రములోను కలియును. అనగా సరస్సు నీరును సీల్ నీరును కడకు కలియక తప్పదు. ఆ కలయిక కొంత దిగువన, నగరము నడుమ జరుగుచున్నది. నగరమునకు వచ్చిన చిక్కంతయు అదియే.

ఇక ఉపయోగముల చరిత్ర. మొదట వచ్చినది యాత్రికుల దారి. మీన్రాడ్ అను సన్యాసి ఎట్జెల్ కనుమ దాటి అడవిలో తపస్సు చేసికొనుచు 861లో దొంగలచే హతుడయ్యెను. అతడు నివసించిన తావున 934లో ఐన్‌సీడెల్న్ మఠము వెలసినది. నాటినుండి యాత్రికులు సరస్సు దాటి, ఎట్జెల్ కనుమనెక్కి, ఎగ్ వద్ద సీల్ నదిపై వంతెన దాటి మఠమునకు పోవుచుండిరి. ఆ వంతెనకు సైతాను వంతెన యని పేరు. పైకప్పు గల వంతెన యది. వైద్యశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధుడైన పారాసెల్సస్ 1493లోనో 1494లోనో ఆ వంతెన చెంతనే జన్మించెను. యాత్రాస్థలమునకు పోవు దారి, నది, వంతెన, దాని ప్రక్క నాలుగిండ్లు: మన దేశపు పుణ్యక్షేత్రముల దారి నెరిగినవారికి ఆ చోటు ఊహించుకొనుట కష్టము కాదు.

రెండవ యుపయోగము కలప. జర్మను రాజు లూయీ 853లో జూరిచ్ నగరమున ఫ్రౌమ్యూన్‌స్టర్ అను స్త్రీల మఠమును స్థాపించి, ఆల్బిస్ అడవిని దానికి దానమిచ్చెను. మతసంస్కరణ కాలమున, 1524లో, కడపటి మఠాధిపతురాలు మఠమును దాని యాస్తులతో సహా నగరమునకు అప్పగించెను. ఇట్లును, అంతకుముందు ఒక ప్రభువంశము పతనమైనప్పుడు దొరకిన భూములతోను, నదికి ఇరుప్రక్కల నున్న సీల్‌వాల్డ్ నగరము సొత్తయ్యెను. అడవి నగరమునకు ఎగువను, నగరము అడవికి దిగువను, నడుమ నది. ఇంతకు మించిన సదుపాయ మేమి కావలెను? దుంగలను నదిలో విడిచినచో నీరే వానిని నగరపు కలపదొడ్ల దాక మోసికొనిపోవును. చలిదేశములో వంటచెరకు వంటకు మాత్రమే కాదు, ప్రాణము నిలుపుకొనుటకు. జూరిచ్ పొయ్యిలలో శతాబ్దముల తరబడి మండినది సీల్ నది మోసి తెచ్చిన కట్టెయే.

ఈ అడవిని, నదిని, కట్టెల రవాణాను చూచుటకు నగర సభవారు ఒక యధికారిని నియమించుచుండిరి. ఆయనకు సీల్‌దొర యని పేరు. 1781నుండి 1788లో మరణించువరకు ఆ యుద్యోగము చేసిన వ్యక్తి సాలమన్ గెస్నర్. ఈయన కవి, చిత్రకారుడు. 1756లో ప్రకటించిన గ్రామజీవన గీతికలు ఐరోపా అంతట అనువాదములు పొందినవి. వేసవులలో సీల్‌వాల్డ్‌లోని యధికారగృహమున నివసించుచు దుంగల లెక్కలు చూచుకొనుచుండెను. గొల్లలను గూర్చి, సెలయేళ్లను గూర్చి వ్రాసిన కవికి ఇట్టి యుద్యోగము దొరకుట అదృష్టమే. ఎన్ని కట్టెలు దిగినవో, ఎన్ని దొంగిలబడినవో లెక్కించుట ఆయనకు కవితామయముగా తోచినదో లేదో గాని!

నదిలో దుంగలు విడుచుట 19వ శతాబ్ది నడుమ దాటిన కొన్నేండ్ల వరకు సాగినది. పిదప బొగ్గు, రోడ్లు, రైలు వచ్చినవి. 1892లో సీల్ లోయ రైలుమార్గము నగరమునుండి సీల్‌వాల్డ్ వరకు తెరువబడినది. ఈ అడవి కథ యొక వింత మలుపు తిరిగినది. వేయి యేండ్లు గొడ్డలి వినిన యా యడవిలో 2000 నాటినుండి కలప కొట్టుట మానివేసిరి. చెట్టు కూలినచో కూలినచోటనే క్రుళ్లుచున్నది. 2010నుండి అది ప్రకృతివనముగా జాతీయస్థాయి గుర్తింపు పొందియున్నది.

నది సరిహద్దుగా కూడ పనిచేసినది, అది రక్తముతో తడిసిన సరిహద్దు. 15వ శతాబ్దిలో జూరిచ్ నగరమునకును ష్విట్జ్ మొదలగు తక్కిన కాంటనులకును యుద్ధము సంభవించినది. 1443 జూలై 22వ తేదీన నగరము వెలుపల, సీల్ ఒడ్డున సెయింట్ యాకోబ్ కుష్ఠురోగుల ఆశ్రమము చెంత జూరిచ్ సైన్యము ఓడిపోయి వంతెనవైపు పరుగెత్తెను. నగరాధ్యక్షుడు రుడాల్ఫ్ స్టూస్సీ సీల్ వంతెన మీద నిలిచి శత్రువుల నడ్డగించుచు అచ్చటనే మరణించెను. ఆ శత్రువులలో ముఖ్యులు ష్విట్జ్ వారు. నది పుట్టినది వారి కొండలలోనే గదా.

యుద్ధము ముగిసినను సరిహద్దు పోలేదు. కుష్ఠురోగులకు నది యవతల చోటు చూపిన నగరము, తరువాతి కాలమున కూలివారికిని అచ్చటనే చోటు చూపినది. ఆ ప్రాంతము పేరు ఔసర్‌సీల్. దానికి 'సీల్ వెలుపల' అని యర్థము. నగరమువారు పెట్టిన పేరని వేరుగా చెప్పనక్కరలేదు. అవతలివారికి తమ యిల్లు వెలుపల కాదు గదా! 1787లో అది ప్రత్యేక గ్రామసంఘమైనది. రైలుపనులు, కర్మాగారములు వచ్చిన తరువాత ఊళ్లనుండి, ఇటలీ నుండి వచ్చిన పనివారితో నిండి, పాతనగరముతో పోల్చదగినంత జనము గలదైనది. జనమున్నది గాని పన్ను కట్టగల ధనికులు లేరు. బడులు, వీథులు, మురుగుకాలువలు వేయుటకు డబ్బు చాలక, అది నగరములో చేర్చుకొనుడని కోరవలసివచ్చెను. 1893లో ఇరుగుపొరుగు సంఘములతో పాటు జూరిచ్‌లో కలిసినది. పొట్టకూటికై ఊరు విడిచి, మరియొక ఊరి అంచున స్థిరపడి, కొన్ని తరములకు ఆ ఊరివారే యైన కుటుంబములు ఈ సంచిక చదువువారిలో అనేకము కలవు. వారికి ఔసర్‌సీల్ సంగతి ఇంతకన్న వివరింప బనిలేదు.

నీటి చక్రము మూడవ యుపయోగము. నగరము దగ్గర నదినుండి కాలువ తీసి మరలు త్రిప్పుట మధ్యయుగములనుండి యున్నది. యంత్రయుగమున లోయ పొడవునను నూలుమిల్లులు, నేతమిల్లులు లేచినవి. 19వ శతాబ్ది ద్వితీయార్ధమున ఆడ్లిస్‌విల్‌లో మరమగ్గములపై పట్టువస్త్రములు నేయు పెద్ద కర్మాగారము వెలసినది. జూరిచ్ పట్టు ఆ రోజులలో ప్రపంచమంతట అమ్ముడుపోవుచుండెను. ఊరి బ్రదుకంతయు ఆ మిల్లు చుట్టు తిరిగినది. 1930లలో మాంద్యము వచ్చినది, మిల్లు మూతపడినది. నేతవాడలో పెరిగిన నాకు ఈ వాక్యము వ్రాయుచుండగా కలము కొంత ఆగినది. మిల్లు ఆగిన ఊరిలో సాయంకాలమెట్లుండునో మావారికి తెలియును.

కాగితము కథ వేరు. జూరిచ్‌లో కాగితపు పరిశ్రమ 15వ శతాబ్ది నాటిది. మొదటి మిల్లు లిమ్మాట్ నదిలోని చిన్న లంకమీద నుండెను. 1531లో జూరిచ్ బైబిలు నచ్చొత్తిన ఫ్రోషౌవర్ కుటుంబము తరువాత దానిని నడపినది. 1830లలో ఈ పరిశ్రమ యంత్రములతో సీల్ ఒడ్డునకు మారి, నది పేరునే తన పేరుగా పెట్టుకొనెను. ఆ స్థలమున ఇప్పుడు కాగితము తయారగుట లేదు. 2007లో తెరచిన సీల్‌సిటీ అను అంగళ్ల సముదాయ మచ్చట నున్నది. పాత మిల్లు పొగగొట్టమును మాత్రము కూల్చక నిలిపిరి.

ఇంతవరకు నది తన దారిలో పోవుచుండగానే మనుష్యులు దానిని వాడుకొనిరి. 20వ శతాబ్దిలో దాని దారినే మార్చిరి. అసలు కథ యిదియే.

ఐన్‌సీడెల్న్ సమీపమున నున్న విశాలమైన లోయలో హిమయుగానంతరము సహజమైన సరస్సొకటి యుండి, కాలక్రమమున పూడిపోయి బురదనేల యైనది. అచ్చటి రైతులు ఆ నేలలోని పీటును, అనగా క్రుళ్లిన నాచుతో నేర్పడిన మట్టిని, ఎండబెట్టి కట్టెవలె మండించుకొనుచు, గడ్డి కోసికొనుచు జీవించుచుండిరి. ఇంజనీరులు ఆ లోయను చూచి వేరొక సంగతి గమనించిరి. నదికి ఆనకట్ట కట్టి నీటిని నిలువచేసి, కొండలో సొరంగము త్రవ్వి జూరిచ్ సరస్సు ఒడ్డుకు దింపినచో, సుమారు 480 మీటర్ల ఎత్తునుండి పడు నీటితో విద్యుచ్ఛక్తి పుట్టించవచ్చును. హిమానీనదము వేసిన యడ్డుగోడ, అంతకాలము నదిని పై యెత్తున నిలిపి, ఆ పడుపును వీరికొరకు దాచియుంచినది. 1932లో ఆరంభించి 1937లో పని ముగించిరి. ఆనకట్ట ఎత్తు 33 మీటర్లు మాత్రమే. అయినను వెనుక నిలిచిన సీల్ సరస్సు వైశాల్యము సుమారు 11 చదరపు కిలోమీటర్లు. స్విట్జర్లండులోని కృత్రిమ సరస్సులలో వైశాల్యమున నిదియే పెద్దది. సొరంగము నీరు ఆల్టెన్‌డార్ఫ్ వద్ద విద్యుత్కేంద్రమును త్రిప్పి జూరిచ్ సరస్సులో పడుచున్నది. ఆ విద్యుత్తు ముఖ్యముగా స్విస్ రైళ్లను నడపుచున్నది.

నీటి యడుగున పోయినవి రైతుల యిండ్లు, పొలములు, పీటునేలలు, పాత దారులు. నష్టపరిహారము నిచ్చిరి, ఒడ్డున క్రొత్త యిండ్లు కట్టిరి, పొడవైన వంతెనలు వేసిరి. విల్లర్‌జెల్ పల్లెకు పోవు వంతెన పొడవు కిలోమీటరునకు పైగా, 1115 మీటర్లు. కొందరు అచ్చటనే యుండిరి, కొందరు లోయ విడిచిరి. నాగార్జునసాగరము, శ్రీశైలము కట్టినప్పుడు కృష్ణాలోయలో మునిగిన యూళ్లను ఎరిగిన మనకు ఇందలి బాధ క్రొత్త కాదు. అచ్చట మునిగినది మన లెక్కలలో కొంచెమే. మునిగినవానికి మాత్రము తన యిల్లు కొంచెము కాదు.

ఆనకట్ట కట్టిన పిమ్మట దిగువ నదిలో, ఆల్ప్ కలియువరకు, సాధారణ దినములలో సన్నని ధారయే మిగిలినది. కాని వరద దినములలో నది పాత నదియే. జూరిచ్ సరస్సు ఎగువనుండి వచ్చు వరదను తనలో విప్పుకొని, లిమ్మాట్‌లోనికి నెమ్మదిగా విడుచును. సీల్‌కు అట్టి మధ్యవర్తి లేదు. ఎగువ జలాశయము కొంత ఆపును గాని, ఆల్ప్ మొదలగు ఉపనదులు ఆనకట్టకు దిగువన కలియును గనుక వానిని పట్టుకొనువారు లేరు. కుంభవృష్టి కురిసినచో చెట్లను పెకలించుకొని నేరుగా నగరములోనికి వచ్చును. 1910 జూన్‌లో అట్లే వచ్చినది.

అట్టి నదిమీద నగరమువారు ఏమి కట్టిరో చూడుడు. 1847లో ఆ దేశపు తొలి రైలుమార్గము జూరిచ్ నుండి బాడెన్ వరకు వేసినప్పుడు సీల్, లిమ్మాట్ నదుల నడుమ రైలుస్టేషను పెట్టిరి. 1871లో ఇప్పటి పెద్ద కట్టడము లేచినది. స్టేషను పెరుగగా పెరుగగా పట్టాలు నదిని కప్పివేసినవి. సీల్ ఇప్పుడు స్టేషను క్రింద ఐదు తూములగుండ పోవుచున్నది. అంతటితో ఆగక, నది యడుగున కూడ స్టేషను కట్టి 2014లో తెరచిరి. పైన రైలు, నడుమ నది, క్రింద రైలు! దక్షిణమున నదీగర్భములోనే స్తంభములు నిలిపి మోటారుబాట వేసిరి. ఎగువ ఆనకట్టకు ప్రమాదము వచ్చినచో ఎటు పరుగెత్తవలెనో తెలుపు సూచనలు కూడ నగరవాసులకు ఇచ్చియున్నారు.

2005 ఆగస్టులో స్విట్జర్లండున గొప్ప వరదలు వచ్చినవి. వాన ప్రధానముగా పడమటివైపు కురిసినందున జూరిచ్ తప్పించుకొన్నది. ఆ వాన కొంత తూర్పునకు జరిగి కురిసియుండినచో నగరము మునిగియుండెడిదని నిపుణులు తేల్చిరి. పాలకులు అప్పుడు పాత ప్రశ్ననే తిరిగి వేసికొనిరి: ఇంత ప్రక్కన సరస్సుండగా ఈ నది అందులో ఎందుకు కలియరాదు?

స్విస్‌వారికి ఈ యుపాయము క్రొత్త కాదు. వరదనదిని సరస్సులోనికి మళ్లించి మెత్తబరచుట వారి పాత విద్య. 1714లో కాండెర్ నదిని తూన్ సరస్సులోనికి, 1811లో లింట్ నదిని వాలెన్ సరస్సులోనికి, 1878లో ఆరె నదిని బీల్ సరస్సులోనికి మరలించిరి. కాండెర్ పని మాత్రము తొందరపాటైనది. తూన్ సరస్సునుండి నీరు వెలువడు దారిని వెడల్పు చేయకయే నదిని తెచ్చి కలుపుటచే తూన్ పట్టణము మునిగినది. ఆ పాఠము తరువాతివారికి పనికివచ్చినది.

సీల్ విషయమున లాంగ్నావ్ దగ్గరనుండి జిమ్మర్‌బెర్గ్ క్రిందుగా తాల్విల్ వద్ద సరస్సు వరకు 2.1 కిలోమీటర్ల సొరంగమును నిర్ణయించి 2022లో పనులారంభించిరి. వ్యాసము 6.6 మీటర్లు. ఇది ప్రతిదినము నీరు పారు సొరంగము కాదు. నది యొక హద్దు దాటి పొంగినప్పుడు మాత్రమే మించిన నీటిని సరస్సునకు పంపుటకు ఏర్పరచినది. కొట్టుకొనివచ్చు దుంగలు సొరంగము మూతిని మూయకుండ ముందుగా అడ్డుకొను ఏర్పాటును గూడ చేర్చిరి. పూర్వము దుంగలను నదిలో విడిచి, క్రిందివారు పట్టుకొనుచుండిరి. ఇప్పుడు దుంగలను పట్టి, నీటిని విడుచుట. అడవిలో కూలిన చెట్లను ఏరివేయక విడిచినందున ఈ జాగ్రత్త మరింత అవసరమైనది.

ఈ విధముగా హిమానీనదము వేసిన గట్టుకు మనుష్యులు రెండు తావుల కన్నము వేసిరి. ఒకటి ఎట్జెల్ దగ్గర విద్యుత్తునకు, రెండవది తాల్విల్ దగ్గర వరదకు. బడిలో మేము గోడకు తగిలించు పటములో ఈ రెండును కనబడవు. సన్ననిగీత యథాప్రకారము సరస్సు పక్కపొంటే పోవుచున్నది.

ప్రశ్న యడిగిన పిల్లవాడు ఇప్పుడు పూనాలో ఉద్యోగము చేయుచున్నాడు. మూడు వారములు ఆలస్యముగా ఆనాడు నేను చెప్పిన సమాధానములో తాల్విల్ సొరంగము లేదు. ఈ సంచిక వెలువడిన పిదప ఒక ప్రతిని అతనికి పంపవలెను.